వెనక్కి తీసుకున్న మాట

మార్చి నెల, మంగళవారం. పొద్దున కాస్త మంచు, తొమ్మిదింటికల్లా ఎండ. నిన్న దిగిన మిర్చి బస్తాల్లో, మా యార్డు మాటలో టిక్కీల్లో, కుట్టు ఊడినవి దబ్బనంతో నేనే కుట్టాను. చివరిది కుడుతుండగా సెల్ మోగింది.

"అన్నా, కూర్చుని ఉన్నారా?" అని అడిగింది మాస్టారి అమ్మాయి.

"కూర్చున్నానమ్మా" అన్నాను. నిలబడే ఉన్నాను. చేతిలో దబ్బనం ఉంది.

"మంచినీళ్లు దగ్గరున్నాయా?"

"ఉన్నాయి" అన్నాను. అవీ లేవు.

ఆ రెండు ప్రశ్నలతోనే నాకు విషయం తెలిసిపోయింది. అయినా ఆ అమ్మాయి తండ్రి పద్ధతి ప్రకారం కాస్త ఆగి, అప్పుడు చెప్పింది. "నాన్న తెల్లవారుజామున నమాజుకి లేచారు. చాప మీద కూర్చున్నారు. మళ్లీ లేవలేదు."

ఆ కుట్టు పూర్తి చేసి, దారం తెంపి, షావుకారుకి చెప్పి బయల్దేరాను. మధ్యాహ్నం తర్వాత మట్టి ఇచ్చి వచ్చాను.

ఏ రోజు చేసిన పని ఆ రోజు చిట్టాలో రాసుకోవడం నాకు పాత అలవాటు. పై మాటలు చాలావరకు అందులోవే. ఆయన్ను ఎరిగినవాళ్లు గుంటూరులోనూ, అటు ఒంగోలు దాకానూ చాలామంది ఉంటారు. మీలో ఎవరింటికైనా ఒకప్పుడు ఆయన సైకిల్ వచ్చే ఉంటుంది. అందుకని చిట్టాలో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. బ్రాడీపేట అంతా టెలిగ్రాం మాస్టారు అనేవారు. నాకు మాస్టారు. చిన్న ఊళ్లలో ఉద్యోగం చేసినన్నాళ్లూ టకటకలు విని రాసుకున్నదీ ఆయనే, సైకిలెక్కి తీసుకెళ్లిందీ ఆయనే, ఇంగ్లీషు రానివాళ్లకి చదివి చెప్పిందీ ఆయనే. అనుకోని వార్త విన్న మొహాలు ఆయన చూసినన్ని ఇంకెవరూ చూసి ఉండరు.

అనుకోని వార్త మనిషిని ఏం చేస్తుందో చెప్పే ఇంగ్లీషు మాటలు ఆయన నాకు ఒక నోటుబుక్కు నిండా రాయించారు. ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క తెలుగు. మంగళవారం వాటిలో ఒక్కటీ నాకు జరగలేదు. పిడుగు పడలేదు, దవడ జారలేదు, కాళ్ల కింద నేల కదల్లేదు. చేతులు మాత్రం బరువెక్కాయి. ఇది రాసేటప్పుడు కూడా ఆ బరువు దిగలేదు. దానికి మాట ఏ పక్కనా లేదు.

ఆ నోటుబుక్కు ఎలా మొదలైందో చెప్పాలి. అది నా తప్పుతో మొదలైంది.

తొంభైల చివర, పత్తి దెబ్బతిన్న సంవత్సరం. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. మాస్టారి ఇంటి కింది వాటాలో ఒక్క గదిలో అద్దెకుండేవాణ్ని. బడి చదువు మధ్యలోనే ఆగింది. నాకొచ్చిన ఇంగ్లీషు బిల్లుపుస్తకాల మీదా, లారీ రసీదుల మీదా చూసి కూడబలుక్కున్నది. షావుకారుకి అదీ రాదు. అందుకని కొలంబో నుంచి ఒక వ్యాపారి మా సరుకు కొనడం మొదలుపెట్టాక, అక్కణ్నుంచి వచ్చే ఫ్యాక్సులన్నీ నేనే చదివి చెప్పేవాణ్ని. చదువుకున్నవాడినన్న గర్వం కొంచెం ఉండేది. ఒప్పుకుంటున్నాను.

ఆ సోమవారం వచ్చిన ఫ్యాక్సులో రెండే వాక్యాలు. 'వి వర్ టేకెన్ అబాక్ బై ద కలర్ ఆఫ్ యువర్ గూడ్స్. కైండ్లీ సెండ్ ద సేమ్ అగైన్.'

మా బిల్లుపుస్తకంలో ప్రతి కాగితం అడుగునా 'గూడ్స్ వన్స్ సోల్డ్ విల్ నాట్ బి టేకెన్ బ్యాక్' అని అచ్చేసి ఉంటుంది. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు. అది నాకు నిద్రలో కూడా వచ్చు. గూడ్స్ ఉంది, టేకెన్ ఉంది, బ్యాక్ ఉంది. మధ్యలో ఒక అక్షరం ఎక్కువుంటే ఫ్యాక్సు మరక అనుకున్నాను.

"రంగు చూసి సరుకు వెనక్కి తిప్పారండి. శాంపిల్‌లో చూపించిందే మళ్లీ పంపమంటున్నారు" అన్నాను.

ఆ సరుకు పర్చూరు వైపు రైతుది. ఖర్మకొద్దీ ఆయన అప్పుడే రెండో కోత కాయ ట్రాక్టరు మీద వేసుకుని యార్డుకి వచ్చి ఉన్నాడు. షావుకారు కాటా దగ్గరే అందుకున్నాడు.

"ఏరా, మధ్యలో తాలు కాయ పెట్టి కుట్టావా? దేశం కాని దేశంలో నా పరువు తీశావు గదరా."

తాలు కాయంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయ. దాన్ని మంచి కాయ మధ్య దాచి అమ్మాడనడం మా యార్డులో రైతుకి పెద్ద తిట్టు.

"షావుకారూ, కల్లంలో ఏరింది మా అమ్మ, నా పెళ్లాం. ఒక్క తాలు కాయ ఉంటే చూపించండి."

"చూపించేదేంది, కాయితమే వచ్చింది. ఏమయ్యా గుమాస్తా, చదువు."

చదివాను. గట్టిగానే చదివాను. హమాలీలు, పక్క కొట్లవాళ్లు, ఆయన ఊరివాళ్లే ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరి విన్నారు. ఎవరో వెనక నుంచి "పత్తి పోయిందిగా, ఇట్టా పూడ్చుకుందామనుకున్నాడు" అన్నారు.

రైతు ఇంక షావుకారుతో మాట్లాడలేదు. నా దగ్గరికొచ్చి మెల్లిగా, "మీరు చదివారంటే నిజమే అయ్యుంటదిలెండి. ఎక్కడ తప్పు జరిగిందో నాకే అర్థం కావట్లేదు" అన్నాడు. ట్రాక్టరు తిప్పుకుని సరుకుతో సహా వెళ్లిపోయాడు.

సాయంత్రం గదికొచ్చాక కూడా నాకొక మాట గుచ్చుతూనే ఉంది. సరుకు తిప్పికొట్టినవాడు కైండ్లీ అని ఎందుకు రాస్తాడు? మెట్లెక్కి మాస్టారి దగ్గరికెళ్లాను. అప్పటిదాకా ఆయనతో నమస్కారాలే తప్ప మాటల్లేవు. ఆయన వరండాలో సాసర్లో టీ పోసుకుని తాగుతున్నారు. ఫ్యాక్సు అందుకుని ఒకసారి చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. తర్వాత లోపలికెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చారు.

"ముందు కూర్చోవయ్యా. నీళ్లు తాగు."

"వద్దండీ, ఇప్పుడే కాఫీ తాగొచ్చాను."

"తాగు. తర్వాత మాట్లాడుకుందాం."

తాగాను. ఆయన నా ఎదురుగా కూర్చున్నారు.

"ఇది వెనక్కి తీసుకోవడం కాదు" అన్నారు. "టేకెన్ అబాక్ అంటే నివ్వెరపోవడం. మీ సరుకు రంగు చూసి నివ్వెరపోయాం, అదే మళ్లీ పంపండి అని రాశాడు. మెచ్చుకున్నాడయ్యా."

నాకు వెంటనే ఎక్కలేదు. ఆయన చేతులు గాల్లో ఆడిస్తూ చెప్పారు. "కల్లంలో తూర్పారబట్టేటప్పుడు ఉన్నట్టుండి గాలి తిరిగి పొట్టంతా మొహాన కొట్టిందనుకో. ఏం చేస్తావ్? చేట పట్టుకుని ఆగిపోతావు. అదన్నమాట. ఇంగ్లీషువాడికి కల్లాలు లేవు, ఓడలున్నాయి. తెరచాపకి గాలి ఎదురు తిరిగితే ఓడ అట్లాగే ఆగిపోయేది. దాని మాట అది."

అప్పుడు అర్థమైంది. రైతు సంగతి చెప్పాను. ఎవరెవరు విన్నారో, ఆయన వెళ్తూ నాతో ఏమన్నాడో అన్నీ చెప్పాను. మాస్టారి వేళ్లు కుర్చీ చెక్క మీద టకటకలాడాయి. అది ఆయన ఉద్యోగపు అలవాటు. మనసులో ఏదైనా గట్టిగా మెదిలితే వేళ్లు తంతి కొట్టేవి.

"పొద్దున మొదటి బస్సుకి వెళ్దాం" అన్నారు.

"షావుకారుకి చెప్పి..."

"షావుకారు ప్రాణం కొట్లో భద్రంగా ఉంది. పత్తి పోయిన ఇల్లది. దానిమీద మాట పడింది. ఆ ఊళ్లలో పురుగుమందు డబ్బా లేని ఇల్లుందా?"

ఆ రాత్రి నేనెలా పడుకున్నానో చిట్టాలో లేదు.

పొద్దున చిలకలూరిపేటలో బస్సు మారాం. నేను కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంటే, నా ధ్యాస మళ్లించడానికే కాబోలు, మాస్టారు మాటలు చెప్తూ వచ్చారు. "యు కుడ్ హావ్ నాక్డ్ మి డౌన్ విత్ ఎ ఫెదర్ అంటారయ్యా. వార్త విన్నాక ఈకతో కొట్టినా పడిపోయేవాణ్నని. ఈకతో పడేది వాళ్లే. మనవాళ్ల మీద టిక్కీ పడినా లేచి దులుపుకుంటారు." నావైపు తిరిగి, "అట్లాగని లేచినవాళ్లంతా బాగున్నట్టు కాదు" అన్నారు.

రైతు ఇల్లు ఊరి చివర. కల్లంలో ఆయన తల్లి, భార్య కాయ ఏరుతున్నారు. భార్య నన్ను గుర్తుపట్టి కొంగు సర్దుకుంది గాని కూర్చోమనలేదు.

"లేడండి. చీకటితోనే చేలోకి పోయాడు" అంది.

"ఏం పనిమీద తల్లీ?" అన్నారు మాస్టారు.

"మందు కొట్టాలన్నాడు. కోతలైపోవచ్చినయ్, ఇప్పుడు మందేంటని నేనూ అన్నా. పలకలా."

మాస్టారు అప్పటికే చేల వైపు తిరిగారు. ఆ వయసులో అంత వేగంగా నడవగలరని నేననుకోలేదు. ఎండిపోయిన పత్తికట్టె మధ్య నుంచి అడ్డంగా వెళ్లాం. నా పంచె కట్టెకి పట్టి రెండుచోట్ల చిరిగింది.

రైతు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మందు కొట్టే పంపు ఖాళీగా పడుంది. దానిపక్కన డబ్బా. మూత తీసి లేదు.

ఆయన దేనికి అక్కడ కూర్చున్నాడో మేము అడగలేదు. ఆయన చెప్పలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

మాస్టారు వెళ్లి ఆయనకీ డబ్బాకీ మధ్య కూర్చున్నారు. ఒగరుస్తూనే, "దూరం నుంచి వచ్చాం. తాగడానికి నీళ్లున్నాయా నాయనా?" అన్నారు. రైతు చెంబు అందించాడు. మాస్టారు రెండు గుక్కలు తాగి, "నువ్వూ తాగు" అని తిరిగిచ్చారు. ఎవరో ఏమిటో తెలియకపోయినా ఆయన తాగాడు. అప్పుడు మాస్టారు నావైపు చూశారు. తప్పు చదివినవాడే చెప్పాలన్నట్టు చూశారు.

ఫ్యాక్సు తీసి చేతిలో పట్టుకున్నాను, అంతే. చివరికి మాస్టారే, "నీ కాయ రంగు చూసి వాళ్లు నివ్వెరపోయారంట. ఇంకా కావాలంట. ఈయన ఒక్క మాట తప్పు చదివాడు" అన్నారు.

రైతు చెయ్యి చాచాడు. కాగితం అడిగి తీసుకున్నాడు. ఆయనకు చదవడం రాదు. అయినా చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత, "ఇంటికి పోదాం పదండి. మా అమ్మకి చెప్పండి" అన్నాడు.

లేచేటప్పుడు మాస్టారు డబ్బా తీసుకుని చంకన పెట్టుకున్నారు. "మా ఇంట్లో నల్లులెక్కువ. ఇది నేను తీసుకుపోతా" అన్నారు. రైతు వద్దనలేదు.

కల్లంలో తల్లికి నేనే చెప్పాను. ఆ పాటికి నాకు నోరొచ్చింది. "అమ్మా, మీ కాయలో తాలు లేదంట" అన్నాను.

ఆమె ఏరడం ఆపకుండానే, "ఉంటే గదా" అంది.

భార్య మాత్రం ఊరుకోలేదు. "ఇంగిలీసు రాకపోతే రాదనాల. నలుగురిలో అట్టా చదవటమేనా? రాత్రి ముద్ద ముట్టలేదు ఈయన" అంది. నేను తలొంచుకున్నాను. అన్నం పెట్టింది. తినేటప్పుడు రైతు అన్నాడు. "మా అమ్మకి చెప్తే సరిపోదు గుమాస్తాగారూ. నన్ను అన్నది యార్డులో."

"నిజమే" అన్నారు మాస్టారు. "చదివినచోటే మళ్లీ చదువుతాడు."

తిరుగు బస్సులో కండక్టరు, "పెద్దాయనా, ఆ కంపు డబ్బా కింద దించు" అని గొడవపడ్డాడు. మాస్టారు దించలేదు. గుంటూరు దాకా నిలబడి చంకలోంచి వదలకుండా తెచ్చుకున్నారు.

బుధవారం యార్డు నిండుగా ఉన్న వేళ కాటా బల్లెక్కి ఫ్యాక్సు చదివాను. ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో. అక్షరాన్ని మరకనుకున్న తప్పు నాదని చెప్పి, సోమవారం నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాను. రైతు సరుకుతో వచ్చి అక్కడే నిలబడ్డాడు. హమాలీ ఒకడు, "గుమాస్తాగారూ, ఈసారైనా మరకలు లేకుండా చదివారా?" అన్నాడు. అందరూ నవ్వారు. రైతు కూడా కొద్దిగా నవ్వాడు. నాకది చాలింది. షావుకారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఫ్యాక్సు చదవడానికి వేరే దిక్కులేక ఉంచుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక మాస్టారు నాకు ఒక కొత్త నోటుబుక్కు ఇచ్చారు. మొదటి వరస ఆయనే రాశారు. టేకెన్ అబాక్, నివ్వెరపోవడం.

తర్వాత చాలా ఏళ్లు రోజూ సాయంత్రం ఒక్కో మాట. పాత టెలిగ్రాం ఫారాల వెనక వైపు రాసిచ్చేవారు, నేను నోటుబుక్కులోకి ఎక్కించుకునేవాణ్ని. బోల్ట్ ఫ్రం ద బ్లూ అంటే నట్టూ బోల్టూ అనుకుని నవ్వులపాలయ్యాను. పిడుగట అది. కాంట్ మేక్ హెడ్ ఆర్ టెయిల్ దగ్గర ఆయన సంతోషపడ్డారు. "చూశావా, తలా తోకా వాళ్లకీ దొరకలేదు, మనకీ దొరకలేదు." స్ట్రక్ డంబ్ నిజమన్నారు. నోట మాట పోయినవాళ్లని ఎందరినో చూశారట. దవడ జారడం మాత్రం సర్వీసు మొత్తంలో ఒక్కడికే చూశానన్నారు. అదీ కొడుకు పరీక్ష ప్యాసయ్యాడన్న వార్తకి.

"మరి చెడు వార్తకి ఏం చేస్తారండీ మనవాళ్లు?" అని అడిగానొకసారి.

"ఎక్కువమంది, టీ తాగి వెళ్లండి మాస్టారూ అనేవాళ్లు" అన్నారు.

ఆయన పద్ధతి ఆయన ఒక్కసారే విడమర్చి చెప్పారు. "చెప్పేవాడు ముందు కూర్చోవాలి. నిలబడి చెప్పేవాడు చెప్పి వెళ్లిపోయేవాడు. కూర్చున్నవాడు కాసేపు ఉంటాడని వినేవాళ్లకి తెలుస్తుంది." సెల్‌ఫోన్లు వచ్చాక అమ్మాయి కొనిస్తానన్నా వద్దన్నారు. "ఇప్పుడు వార్త నిలబడి ఉన్నవాడికి దొరుకుతోంది. రోడ్డు దాటేవాడికి, నిచ్చెన మీద ఉన్నవాడికి. పక్కన ఒక్కడూ ఉండడు" అనేవారు.

ప్రతి ఏడూ కోతలయ్యాక మేమిద్దరం ఆ రైతు ఇంటికి వెళ్లేవాళ్లం. మాస్టారికి మోకాళ్లు పట్టేశాక నేను ముందు నడుస్తుంటే, ఆయన కర్రపోటు వేసుకుంటూ వెనకాల వచ్చేవారు. రైతు నన్ను చూడగానే మంచం వాల్చి రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి పెట్టేవాడు. ఆ ఇంట్లో నీళ్లు తాగకుండా ఎవరూ ఏమీ చెప్పుకోరు ఇప్పుడు. పెళ్లి కబురైనా సరే.

మంగళవారం మట్టి ఇచ్చి వచ్చాక, మాస్టారి గదిలో చాప చుట్టి పైన పెడుతూ అటక మీద ఆ డబ్బా చూశాను. తుప్పు పట్టింది. మూత ఇంకా తీసి లేదు. కిందికి దించుదామనుకుని, అక్కడే ఉంచేశాను.

"ఆ పర్చూరు ఆయనకి ఫోన్ చెయ్యమంటారా అన్నా? నంబరుంది" అంది అమ్మాయి.

"వద్దమ్మా. నేను వెళ్తాను" అన్నాను.

ఇక మిగిలింది నిన్నటి చిట్టా. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

బుధవారం. మబ్బు, గాలి లేదు. పొద్దున కొట్లో తాళాలు అప్పగించాను. మొదటి బస్సు. చిలకలూరిపేటలో బస్సు మారాను. పదింటికి ఊరు చేరాను. పత్తికట్టె తీసేశారు, దారి బాగుంది. రైతు కల్లంలో పరదా సర్దుతున్నాడు. తల్లి ఏరుతోంది, ఈ మధ్య చూపు తగ్గి చేత్తో తడిమి ఏరుతోంది. నన్ను చూసి ఆయన మంచం వాల్చాడు. లోపలికెళ్లి రెండు గ్లాసులు తెచ్చాడు. "మాస్టారు వెనకాల వస్తున్నారా? కాలువ దగ్గర బురదగా ఉంది, చెయ్యి పట్టుకోవాల్సింది" అని దారివైపు చూశాడు. నేను కూర్చున్నాను. నా గ్లాసు తాగాను. ఆయన్ని కూడా కూర్చోమన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. "కూర్చోమనకండి గుమాస్తాగారూ" అన్నాడు. "నేను బురద దగ్గరికి వెళ్లి చూసొస్తా."

తల్లి ఏరడం ఆపింది. ఆయన వెళ్లలేదు. రెండో గ్లాసు చేత్తో పట్టుకుని, తాగకుండా, కింద పెట్టకుండా నా పక్కన కూర్చున్నాడు. అప్పుడు చెప్పాను.